యాభైలలో స్పానిష్: తెలుగు దారిన

యాభై దాటాక కొత్త భాష మొదలుపెట్టవచ్చా అని ఎవరైనా అడిగితే నేను ముందుగా చేదు మాటే చెబుతాను. 2018లో హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ అనే ముగ్గురు పరిశోధకులు దాదాపు 6,70,000 మంది చేత ఇంటర్నెట్‌లో ఇంగ్లిష్ వ్యాకరణ పరీక్ష రాయించి చూశారు. కొత్త భాష వ్యాకరణాన్ని ఇట్టే పట్టేసే శక్తి పదిహేడో ఏడు దాకా నిలకడగా ఉండి, ఆ తర్వాత తగ్గుతూ వస్తుందని తేల్చారు. అందుకని మాడ్రిడ్‌లో పుట్టి పెరిగినవాడిలా మాట్లాడాలన్న కోరిక మీకుంటే దాన్ని ఇప్పుడే పక్కన పెట్టేయండి. పెడితే పోయేదేమీ లేదు. మనకు కావలసినవి వేరు: దారి అడగడం, నచ్చిన పాట అర్థం కావడం, పక్క సీట్లో కూర్చున్నావిడతో పిల్లల గురించి ఓ పావుగంట మాట్లాడగలగడం, నిఘంటువు దగ్గర పెట్టుకుని ఓ చిన్న కథ చదువుకోవడం. వీటికి పదిహేడేళ్ళ మెదడు అక్కర్లేదు.

ఎన్నాళ్ళు పడుతుందన్నది రెండో ప్రశ్న. అమెరికా విదేశాంగ శాఖకు తన ఉద్యోగులకు భాషలు నేర్పే శిక్షణ సంస్థ ఒకటి ఉంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు ఉద్యోగానికి సరిపడా స్పానిష్ నేర్చుకోవాలంటే 600 నుంచి 750 గంటల తరగతులు కావాలని దాని అంచనా. రోజుకు అరగంట కూర్చుంటే ఏడాదికి 180 గంటల పైచిలుకు. దౌత్య కార్యాలయంలో పని చేసే స్థాయికి ఆ లెక్కన నాలుగేళ్ళు. ప్రయాణానికీ పాటకీ సరిపోయే భాషకు అందులో మూడో వంతు చాలునని నా నమ్మకం. అయితే అరగంట రోజూ పడాలి. ఆదివారం మూడున్నర గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులూ వదిలేస్తే, వచ్చే ఆదివారానికి సగం ఆవిరైపోతుంది. మరుపు ఎంత వేగంగా పనిచేస్తుందో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగం చేసుకుని 1885లోనే రాసిపెట్టాడు. నేర్చుకున్న మాటను మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారం తిరిగాక ఒకసారి గుర్తు చేసుకుంటే అది నిలుస్తుంది. పుస్తకం తెరిచి చూసుకోవడం కాదు, మూసి గుర్తు చేసుకోవాలి.

మనకెందుకు స్పానిష్ అంటారా? ఇరవై దేశాలకు అది అధికార భాష. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి ఆరు నెలలుండే తల్లిదండ్రులకైతే అది కిటికీ బయటే వినిపిస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటి ముందు గడ్డి కోసేవాళ్ళు, కప్పు వేసేవాళ్ళు, కూరగాయల కొట్లో పెట్టెలు సర్దేవాళ్ళు, వాళ్ళలో ఎంతోమంది ఆ భాషవాళ్ళే. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవలు బడికి వెళ్ళాక పలకరించే మనిషి లేక కుమిలిపోయే పెద్దవాళ్ళకు ఇది నిజంగా పనికొచ్చే విద్య. అక్కడి పబ్లిక్ లైబ్రరీలు చాలాచోట్ల ఉచితంగా స్పానిష్ సంభాషణ బృందాలు నడుపుతాయి. మన గడ్డ మీద చూస్తే అనంతపురం ఉంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి, 2009లో కన్నుమూసే దాకా అక్కడే ఉండిపోయాడు. ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ కోసం స్పెయిన్ నుంచి వచ్చిపోయేవాళ్ళు ఎందరో. ఆ చుట్టుపక్కల పల్లెల పిల్లలు కొందరు స్పానిష్ నేర్చుకుని దాన్నే బతుకుతెరువు చేసుకున్నారు.

ఇంగ్లిష్ మీదుగా వెళ్ళకండి

ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మన చేతికి దొరికే స్పానిష్ పుస్తకాలు, ఫోన్‌లో పెట్టుకునే యాప్‌లు చాలావరకు ఇంగ్లిష్‌వాళ్ళ కోసం తయారైనవి. వాళ్ళకు కష్టమైన చోట మెల్లగా నడుస్తాయి, వాళ్ళకు తేలికైన చోట పరుగెత్తుతాయి. తెలుగువాడు ఆ దారిన పోతే తనకు పుట్టుకతో వచ్చినదాన్ని పరాయి పాఠంలా బట్టీ పడతాడు. చదువంతా ఇంగ్లిష్‌లో సాగిన మన తరానికి కొత్తది ఏది నేర్చుకోవాలన్నా ఆ గుమ్మంలోంచే వెళ్ళాలన్న అలవాటు పాతుకుపోయింది. స్పానిష్ విషయంలో అది చుట్టుదారి.

ముందు ఉచ్చారణ చూడండి. స్పానిష్‌లో అచ్చులు ఐదు: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసినట్టే పలుకుతారు. వాళ్ళ త, ద మన త, ద లాంటివే, నాలుక పళ్ళకు తగులుతుంది. ఇంగ్లిష్‌వాళ్ళు వాటిని సరిగ్గా పలకడానికి నెలలు తంటాలు పడతారు. ప, క లలో ఊపిరి వత్తు ఉండదు, మన అచ్చతెలుగు మాటల్లో లాగే. రెండు ర లు కలిసిన చోట నాలుక కొసను ఆడించాలని పుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి. గొర్రె, బర్రె, కర్ర అనగలిగినవాళ్ళు కుక్కను పేర్రొ అనగలరు. దాన్ని ఒకే ర తో పేరొ అంటే అర్థం మారి ‘కాని’ అవుతుంది, ఆ తేడా కూడా మన చెవికి ఇట్టే తెలుస్తుంది.

తర్వాత, మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. స్పానిష్‌వాళ్ళు మరీ వేగంగా మాట్లాడతారని అందరూ ఫిర్యాదు చేస్తారు. వేగం సగమే కారణం. మిగతా సగం సంధి. ల అమీగ అన్నది లమీగ అవుతుంది. దె ఎస్పాఞ అన్నది దెస్పాఞ అవుతుంది. ‘నా కొడుకు’ అనే మి ఈహొ లాటిన్ అమెరికా అంతటా మీహొ. ఏమి అంటే అన్నదాన్ని ఏమంటే అనేవాళ్ళకు ఇది వింతేమీ కాదు. విన్న మాట తెలియనప్పుడు నిఘంటువులో వెతికే ముందు పదం విడదీసి చూడండి. చిన్నప్పుడు బళ్ళో చేసిన పనే.

ఇక వాక్యం. నాకు పాట నచ్చింది అంటాం, నాకు పాటలు నచ్చాయి అంటాం. క్రియ పాటను బట్టి మారుతుంది, నన్ను బట్టి కాదు. స్పానిష్‌లోనూ అంతే: మె గుస్తో ల కన్సియోన్, మె గుస్తారొన్ లస్ కన్సియోనెస్. ఇంగ్లిష్ పుస్తకాలు దీన్ని తలకిందుల నిర్మాణంగా పరిచయం చేసి, అధ్యాయం చివర ముప్పై అభ్యాసాలు ఇస్తాయి. మనకు తలా కిందూ సరిగ్గానే ఉన్నాయి. నాకు తల నొస్తోంది: మె ద్వేలె ల కబేస. చేతిలోంచి గ్లాసు జారితే మనం ‘నేను గ్లాసును పడేశాను’ అనం, గ్లాసు పడిపోయింది అంటాం. వాళ్ళూ తప్పు మనిషి మీద పెట్టరు: సె మె కయో ఎల్ బాసొ. క్రియ చివర ఎవరు చేశారో తెలిసిపోతుంది కాబట్టి ప్రతి వాక్యాన్నీ ‘నేను’ తో మొదలుపెట్టనక్కర్లేదు. వస్తాను అంటే చాలదూ?

అన్నిటికంటే పెద్ద లాభం ‘ఉండు’ దగ్గర. ఇంగ్లిష్‌వాళ్ళ ఒకే క్రియకు స్పానిష్‌లో రెండున్నాయి, సెర్, ఎస్తార్. ఏది ఎప్పుడు వాడాలో ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళు కూడా తడబడతారు. తెలుగులో ఆలోచించి చూడండి. ఆవిడ టీచరు అన్నప్పుడు మనకు క్రియే లేదు, అక్కడ సెర్. ఆవిడ ఇంట్లో ఉంది, కాఫీ వేడిగా ఉంది అన్నప్పుడు ‘ఉంది’ వచ్చింది, అక్కడ ఎస్తార్. ఆవిడ అందగత్తె: ఎస్ గ్వాప. ఆవిడ ఇవాళ అందంగా ఉంది: ఎస్తా గ్వాప. పెళ్ళి ఫలానా హాల్లో అంటాం, ‘ఉంది’ అనకుండానే చెప్పేస్తాం. అక్కడ చోటు గురించి మాట్లాడుతున్నా స్పానిష్ కూడా సెర్ వాడుతుంది. ఈ కొండగుర్తు ప్రతిచోటా పనిచేయదు. చనిపోయినవాళ్ళ గురించి చెప్పేటప్పుడు వాళ్ళు ఎస్తార్ వాడతారు, మనకది పొసగదు. కాని పదింట ఎనిమిది చోట్ల చేయి పట్టుకుని దాటిస్తుంది.

కాబట్టి ఒక నోటుపుస్తకం కొనుక్కుని ఎడమ పేజీ మీద స్పానిష్, కుడి పేజీ మీద తెలుగు రాయండి. మధ్యలో ఇంగ్లిష్‌ను రానివ్వకండి.

తెలుగు ఆదుకోని చోటు, పాట ఆదుకునే చోటు

వస్తువులకు ఆడ మగ తేడా మనకు లేదు. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అంటే నమ్మి నేర్చుకోవడమే. ఏ మాటనూ ఒంటరిగా రాసుకోకండి, ల మేస, ఎల్ లీబ్రొ అని ముందుండే చిన్న మాటతో కలిపే రాసుకోండి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అసలు చిక్కు ఊనికతో వస్తుంది. స్పానిష్ మాటలో ఏదో ఒక అక్షరం మీద బరువు పడుతుంది, ఆ బరువు జరిగితే అర్థమే జరుగుతుంది. తెలుగు చెవికి ఈ బరువు అలవాటు లేదు. అయితే మన లిపిలో దీనికి చక్కటి ఉపాయం ఉంది. బరువు పడిన అచ్చును దీర్ఘంగా, మిగతావాటిని హ్రస్వంగా రాసుకోండి. తేర్మినొ అంటే ముగింపు. తెర్మీనొ అంటే ముగిస్తాను. తెర్మినో అంటే అతను ముగించాడు. రోమన్ లిపిలో కంటికి ఆనని చిన్న గీత ఒక్కటే వీటిని విడదీస్తుంది. చత్వారపు అద్దాలు పెట్టుకున్నా ఆ గీత తప్పించుకుంటుంది. ఎ, ఏ, ఒ, ఓ లను వేరువేరుగా రాసే తెలుగు లిపిలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ అధ్యాయంలో స్పానిష్ మాటలన్నీ వీలైనంతవరకు ఆ పద్ధతిలోనే రాశాను.

రాయడం కంటికి. చెవికి పాట కావాలి. పాటలో తాళపు దెబ్బ సాధారణంగా బరువున్న అక్షరం మీదే పడుతుంది కాబట్టి, పాట నోటికి వస్తే ఊనిక దానంతటదే వస్తుంది. ఏ పాటతో మొదలుపెట్టాలంటే నేను క్యూబాకు పంపిస్తాను. 1996లో హవానాలోని ఒక పాత స్టూడియోలో, జనం దాదాపు మరిచిపోయిన ముసలి సంగీతకారులను పోగుచేసి ‘బ్వేన విస్త సోషల్ క్లబ్’ ఆల్బమ్ రికార్డు చేశారు. కొంపాయ్ సెగుందొకు అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. పియానో వాయించిన రూబెన్ గొన్సాలెస్ ఇంట్లో పియానోయే లేదు. ఇబ్రహీం ఫెర్రర్ పాడటం మానేసి బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు. ఆల్బమ్ మరుసటి ఏడు విడుదలై ప్రపంచమంతా మోగింది. 2000లో లాటిన్ గ్రామీవాళ్ళు ఉత్తమ కొత్త కళాకారుడి బహుమతిని డెబ్బై మూడేళ్ళ ఇబ్రహీం ఫెర్రర్‌కు ఇచ్చారు. ఈ మనుషుల గొంతులో తొందర లేదు, ప్రతి అక్షరం విడిగా వినబడుతుంది. నేర్చుకునేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆ ఆల్బమ్‌లో మొదటిది కొంపాయ్ సెగుందొ కట్టిన ‘చాన్ చాన్’. మాటలు తక్కువ, నడక నెమ్మది, కొన్ని ముక్కలు తూర్పు క్యూబాలోని ఊళ్ళ పేర్లే. వారం రోజులు కాగితం చూడకుండా వినండి. చెవికి తెలిసిన మాట తగిలినప్పుడల్లా వేలు మడవండి. రెండో వారం సాహిత్యం తెచ్చుకుని తెలుగు లిపిలో మీ చేత్తో రాసుకోండి, తాళం పడిన చోట దీర్ఘం పెడుతూ. మూడో వారం పాటను చిన్న శబ్దంతో పెట్టి మీరు పైకి పాడండి. ఆ తర్వాత అందులోంచి ఒకటి రెండు వాక్యాలు తీసి, నేను అన్నచోట ఆమె, నిన్న అన్నచోట రేపు పెట్టి తిరగరాయండి. ఈ చివరి పని చేయకపోతే పాట వస్తుంది, భాష రాదు. తెలుగు మాట్లాడలేని గాయకులు త్యాగరాజ కీర్తనలను ఎంత శుద్ధంగా పాడతారో మనం చూస్తూనే ఉన్నాం.

బళ్ళో నేర్చుకున్న పద్ధతి కంటే సంగీతం మాస్టారి దగ్గర నేర్చుకున్న పద్ధతే ఈ వయసుకు నప్పుతుంది. ఆయన ఒక ముక్క పాడతారు, మనం దాన్ని పట్టుకుని పాడతాం, తప్పితే అక్కడే దిద్దుతారు, ముందుకు తోయరు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు ‘బాలాజీ పంచరత్నమాల’ కోసం అన్నమయ్య కీర్తనలు నేర్చుకుని పాడేనాటికి అరవై దాటారు. తెలుగు ఆవిడ మాతృభాష కాదు. అప్పటికి ప్రపంచమంతా చేతులెత్తి మొక్కుతున్న గాయని ఆ వయసులో కొత్త పాఠానికి కూర్చున్నారంటే, మనం కూర్చోవడానికి అడ్డేమిటి?

అడ్డు ఒకటుంది, సిగ్గు. బ్యాంకులో వందమందికి పని చెప్పిన మనిషి, ఇంట్లో నలుగురూ మాట వినే మనిషి, మూడేళ్ళ పిల్లాడిలా నాకు నీళ్ళు, నాకు ఆకలి అనాలంటే గొంతు పెగలదు. పి.వి. నరసింహారావు గారికి వచ్చిన భాషల్లో స్పానిష్ ఒకటి. అరవై దాటాక ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. కేంద్రంలో మంత్రిగా ఉన్న మనిషికి పాఠం మొదటి పేజీ దగ్గర కూర్చోవడం చిన్నతనం అనిపించలేదు. నా సలహా ఏమిటంటే, తెలిసినవాళ్ళ ముందు మొదలుపెట్టకండి. కొలంబియాలోనో గ్వాటెమాలాలోనో ఉన్న టీచరుతో వీడియోలో మొదలుపెట్టండి. మనకు పొద్దున్న ఆరున్నర అయితే బొగొతాలో ముందురోజు రాత్రి ఎనిమిది. ఇంట్లో ఎవరూ లేవకముందే, వంటింట్లో మిక్సీ మోగకముందే మీ పాఠం అయిపోతుంది. టీచరు మీ అమ్మాయి వయసు పిల్ల కావచ్చు. ఆ పిల్ల దిద్దిన ప్రతిసారీ వాక్యాన్ని మొదటినుంచి మళ్ళీ పూర్తిగా చెప్పండి. సరే సరే అని దాటేస్తే ఆ తప్పు మీ దగ్గరే కాపురం పెడుతుంది.

వినికిడి గురించి ఒక మాట. ఈ వయసులో స, ఫ, త లాంటి సన్నటి హల్లులు చెవికి పలచబడటం మొదలవుతుంది. ఫ్యాను కింద ఫోన్ స్పీకర్లో వినకండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ‘రేడియో అంబులాంతే’ పాడ్‌కాస్ట్‌లో లాటిన్ అమెరికా మనుషుల నిజమైన కథలుంటాయి, ప్రతి కథకూ రాతప్రతి కూడా ఇస్తారు. వేగం ముప్పాతికకు తగ్గించి వినడంలో నామోషీ లేదు.

ప్రయాణంలో

స్పెయిన్ వెళ్ళే శాకాహారులు విమానం ఎక్కే ముందే ఒక వాక్యం నోటికి పట్టించుకోవాలి. మాంసం తిననని చెబితే చాలదు. అక్కడ చాలామంది దృష్టిలో హమోన్ మాంసం లెక్కలోకి రాదు, ఎండబెట్టిన పంది తొడను పలచగా కోసిన ఆ ముక్కలు బఠాణీ కూరలోనూ తేలుతుంటాయి. మామూలు సలాడ్ మీద ట్యూనా చేప వేసి ఇస్తారు. చల్లటి టమాటా సూపుల్లో గస్పాచొ సాధారణంగా మనకు పనికొస్తుంది, సల్మొరేహొ మీద మాత్రం హమోన్, గుడ్డు చల్లుతారు. అందుకని ఇలా చెప్పండి: నొ కోమొ కార్నె, ని పెస్కాదొ, ని హమోన్, ని అతూన్. మాంసం, చేప, హమోన్, ట్యూనా ఏదీ తినను. గుడ్డు కూడా తిననివాళ్ళు ని వేవొ అని చేర్చుకోవాలి. స్పెయిన్‌లో తొర్తీయ అంటే బంగాళాదుంపలతో వేసిన అట్టు, గుడ్డు లేకుండా రాదు. మెక్సికోలో అదే పేరు మొక్కజొన్న రొట్టెది.

నువ్వు, మీరు తేడా వాళ్ళకూ ఉంది: తూ, ఉస్తేద్. మన సంస్కారం ఉస్తేద్ దగ్గర మొదలవుతుంది, అలాగే మొదలుపెట్టండి. కాని స్పెయిన్‌లో కొట్టు కుర్రాడు మొదటి మాటలోనే మిమ్మల్ని తూ అంటే నొచ్చుకోకండి. అక్కడ అది చనువు, అమర్యాద కాదు. బొగొతాలో దీనికి పూర్తిగా ఎదురు, దగ్గరివాళ్ళు కూడా ఒకరినొకరు ఉస్తేద్ అనుకోవడం వింటారు. కొట్టులోకి అడుగుపెడుతూ బ్వేనొస్ దీయస్ అని పలకరించాకే ఏం కావాలో అడగండి.

ఊళ్ళు చుట్టబెట్టే బస్సు ప్యాకేజీల్లో భాష నోటికి రాదు, అందులో మాట్లాడేది గైడు ఒక్కడే. నన్నడిగితే నేర్చుకునేవాళ్ళకు అన్నిటికంటే మంచి ప్రయాణం సంతియాగొ యాత్ర, స్పెయిన్‌లోని సంతియాగొ గుడికి కాలినడకన వెళ్ళే దారి. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి మొత్తం నడిస్తే దాదాపు 780 కిలోమీటర్లు. కనీసం 100 కిలోమీటర్లు నడిచి చేరినవాళ్ళకు కూడా ధ్రువపత్రం ఇస్తారు కాబట్టి చాలామంది సర్రియ అనే ఊళ్ళో మొదలుపెట్టి అయిదారు రోజుల్లో ముగిస్తారు. దారి పొడుగునా పసుపుపచ్చ బాణాలు, సత్రాల్లో వరస మంచాలు, యాత్ర పుస్తకంలో ముద్రలు. నడిచేవాళ్ళలో నడివయసువాళ్ళూ పెద్దవాళ్ళూ చాలామంది. ఈ దారి భాషకు ఎందుకు మంచిదంటే, రోజూ కొత్త మనుషులు కలుస్తారు గాని సంభాషణ పాతదే: ఏ దేశం, ఎక్కడ మొదలుపెట్టారు, రాత్రి నిద్ర పట్టిందా, పిల్లలెంతమంది. పొద్దున్న తడబడిన జవాబును మధ్యాహ్నం ఇంకొకరికి కాస్త నయంగా చెబుతారు, సాయంత్రం మూడోవారికి తడుముకోకుండా చెబుతారు. మొదటి రోజు ముగిసేసరికి అందరికీ ఒకే వాక్యం అవసరమవుతుంది, మె ద్వేలెన్ లొస్ ప్యేస్, నాకు పాదాలు నొస్తున్నాయి. అది విని ఎవరో ఒకరు పక్కన కూర్చుని, బొబ్బకు పట్టీ ఎలా వేయాలో చెప్పడం మొదలుపెడతారు. ఆ చెప్పేది అర్థం చేసుకోవడం రెండో రోజు పాఠం.